వాగ్దానములకుఁ బరీక్ష: 1935వ సంవత్సరము

లోకములో మాటకుఁ గల విలువ దానిని నిలుపుకొనువారిని బట్టి యుండును. అప్పుపత్రము వ్రాసి యిచ్చినవాఁడు గడువునాఁటికి మొగము చాటువేసినచో, ఆ పత్రము ఎంత మేలైన కాగితముపై వ్రాయఁబడినను పొయ్యిలోనికిఁ దక్క వేఱెందులకును పనికిరాదు. రాజ్యములు తమలోఁ దాము వ్రాసికొనెడి సంధిపత్రములును ఇట్టివే. వానిపైఁ జేవ్రాలు చేయునాఁడు విందులు జరుగును, ఉపన్యాసములు సాగును. వాని నిజమైన బలము మాత్రము నష్టము వచ్చు దినమునఁ గాని బయలుపడదు.

ఇరువదవ శతాబ్దపు చరిత్రమును జదువువారు 1914వ సంవత్సరమును, 1939వ సంవత్సరమును జక్కఁగా జ్ఞాపకముంచుకొందురు. అవి యుద్ధము లారంభమైన సంవత్సరములు. యుద్ధమును ఆపుటకు సాధన మంతయుఁ జేతనుండియు ఆపకపోయిన సంవత్సరమును తలఁచువారు అరుదు. మా యభిప్రాయమున 1935 అట్టి సంవత్సరము. కావున ఆ యొక్క యేటి వ్యవహారములను మా చదువరుల ముందఱ వరుసగా నుంచి, వానివలన మనము నేర్చుకొనఁదగిన దేమో విచారింపఁ దలఁచితిమి.

మొదట నానాజాతి సమితి సంగతి కొంత చెప్పవలసియున్నది. మొదటి మహాసంగ్రామమునకుఁ బిమ్మట, 1920వ సంవత్సరము జనవరిలో ఈ సమితి కార్యారంభము చేసెను. దాని నిబంధనలలోఁ బదునాఱవది ముఖ్యమైనది. సభ్యరాజ్యములలో నేదేని యొకటి ఒప్పందమును మీఱి మఱియొకదానిపై యుద్ధమునకు దిగినచో, అది తక్కిన సభ్యు లందఱిమీఁదను యుద్ధము చేసినట్లే యెంచఁబడును. అందఱును వెంటనే దానితో వర్తకమును ధనసంబంధమును ద్రెంపివేయవలెను. మన పల్లెలలో 'వెలి' యనునది యెట్టిదో ఎఱిఁగినవారికి ఈ నిబంధన యొక్క భావము తేటగా తెలియును. నిప్పు నీయరాదు, నీరు పోయరాదు, చాకలి మంగలి వారి గడప త్రొక్కరాదు. సంఘసంస్కారమునకుఁ బూనుకొన్న మన పెద్దలు ఏ పాపము నెఱుఁగకయే ఈ వెలిని భరించిరి. లోకమున కంతటికిని శత్రువైన దురాక్రమణకారుని వెలివేయుటకు నలువది యేఁబది రాజ్యములు కూడఁబలుకుకొనుట మాత్రము మానవచరిత్రమునఁ గ్రొత్తసంగతి.

అయినను 1935 ప్రవేశించునాఁటికే సమితి బలము కొంత సడలియుండెను. దాని స్థాపనమునకు మూలపురుషుఁడైన విల్సను అధ్యక్షుని దేశమగు అమెరికా దానిలోఁ జేరనేలేదు. 1931లో మంచూరియాపైఁ బడిన జపాను దేశము, సమితి తప్పు పట్టఁగా 1933లో తానే లేచిపోయెను. అదే యేట జర్మనీయు వెడలిపోయెను. సోవియట్ రష్యా 1934 సెప్టెంబరులో వచ్చి చేరుట యొక్కటియే లాభముగా నుండెను. ఇట్లు లోపలివా రెవ్వరో వెలుపలివా రెవ్వరో తేలిపోయిన సమయమున ఆ సంవత్సర మారంభమయ్యెను.

ఆరంభము మాత్రము శుభముగానే కనఁబడెను. ఫ్రాన్సు జర్మనీల నడుమ బొగ్గుగనులతో నిండిన సార్ అను ప్రాంతము పదునైదేండ్లు సమితి పాలనములో నుండెను. జనవరి 13వ తేదీని అచ్చటి ప్రజలను తమ కే పాలనము కావలెనో చెప్పుఁడని యడిగిరి. ఇంగ్లండు, ఇటలీ, స్వీడను, హాలండు దేశముల సైనికులు కావలి కాయుచుండఁగా నూటికిఁ దొంబదిమంది జర్మనీనే కోరిరి. మార్చి మొదటి తేదీని ఆ ప్రాంతము జర్మనీకి అప్పగింపఁబడెను. ఫలితము హిట్లరునకు జయముగా ముగిసినను, రెండు పగవారి నడిమి తగవు తుపాకి ప్రేలకుండ, ప్రజల యోటుచే తీఱుట చూచి సమితిపై నమ్మకముగలవారు సంతోషించిరి.

ఆ సంతోషము రెండుమాసములైన నిలువలేదు. మార్చి 16వ తేదీని హిట్లరు వర్సేల్సు సంధి కట్టుబాట్లను త్రోసివైచి, జర్మనీలో నిర్బంధ సైనికసేవను మరలఁ బెట్టుచున్నట్లును, ముప్పదియాఱు డివిజనుల సేనను నిలుపనున్నట్లును చాటెను. నిషిద్ధమైన విమానదళము తమకుఁ గలదని అంతకు వారము దినములకు ముందే వెల్లడి చేసియుండెను. దీనికిఁ బ్రత్యుత్తరముగా ఏప్రిలు నెలలో ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ ప్రధానులు ఇటలీదేశములోని స్ట్రేసా పట్టణమున సరస్సుగట్టునఁ గూడి, సంధులను ఏకపక్షముగా భంగపఱచుటను తాము మువ్వురమును ప్రతిఘటింతుమని ప్రకటన చేసిరి. ఆ ప్రకటనలో 'ఐరోపా శాంతి' యను మాటయే కలదు. ఆఫ్రికా పేరు లేదు. అప్పటికే ముస్సోలినీ ఆఫ్రికాకు సేనలను ఓడలలో నెక్కించుచుండెను. ఆ సంగతి యెఱిఁగియు ఇంగ్లీషు మంత్రులు సభలో దాని నెత్తలేదు. తా మూరకుండుట సమ్మతియని యెదుటివాఁడు గ్రహించునను భయము వారికిఁ గలిగినట్లు కానరాదు. ముస్సోలినీ మాత్రము అట్లే గ్రహించెను.

స్ట్రేసా ప్రకటన సిరా యాఱి రెండుమాసములు తిరిగెనో లేదో, జూను 18వ తేదీని ఇంగ్లండు తన మిత్రులతోఁ గూడి యాలోచింపకయే జర్మనీతో నౌకాసంధి చేసికొనెను. దానిప్రకారము జర్మనీ తన యుద్ధనౌకలను బ్రిటిషు నౌకాబలములో నూటికి ముప్పదియైదు పాళ్లవఱకు పెంచుకొనవచ్చును. జలాంతర్గాములను ఇంకను హెచ్చుగా కట్టుకొనవచ్చును. సంధులను భంగపఱచువానిని అడ్డుదుమని ఏప్రిలులోఁ బలికినవారు, సంధినిషిద్ధమైన నౌకలను కట్టుకొనుమని జూనులో అనుమతిపత్రము వ్రాసి యిచ్చిరి. ఫ్రాన్సు నొచ్చుకొనెను. ఎవరిమట్టుకు వారు చూచుకొనుటయే నీతియైనచో తానుమాత్రము వెనుకఁబడనేల యని ముస్సోలినీ నిశ్చయించుకొనెను.

ఇఁక ఆ సంవత్సరపు ముఖ్యకథకు వత్తము. నేఁడు మనము ఇథియోపియా యని పిలుచు దేశమునకు అప్పుడు అబిసీనియా యను పేరే ప్రసిద్ధము. అది మిక్కిలి ప్రాచీనమైన క్రైస్తవ రాజ్యము. ఐరోపావారు ఆఫ్రికాఖండమును పంచుకొన్న దినములలో దానిని మ్రింగఁబోయిన ఇటలీసేనలు 1896లో అడోవా యుద్ధమున చిత్తుగా నోడిపోయెను. ఆ పరాభవము ఇటలీవారి మనస్సులో నలువదియేండ్లు ముల్లువలె నుండెను. అబిసీనియా 1923లో నానాజాతి సమితి సభ్యత్వమును బొందెను. 1928లో ఇటలీతోడనే మైత్రీసంధి చేసికొనెను. తన రక్షణము దుర్గములయందుఁ గాక పత్రములయందు కలదని నమ్మిన దేశములలో దానిని మించినది లేదు.

1934 డిసెంబరు 5వ తేదీని వాల్వాల్ అనుచోట, ఎడారిలోని నీటిబావులయొద్ద, ఇరుపక్షముల సైనికులకును పోరు జరిగెను. ఆ తావు అబిసీనియా సరిహద్దునకు చాల లోపలనున్నది. అయినను ఇటలీయే క్షమాపణమును నష్టపరిహారమును గోరెను. చక్రవర్తి హైలీ సెలాసీ కత్తి దూయక, 1935 జనవరి ఆరంభముననే సమితికి మొఱపెట్టుకొనెను. తగవు మధ్యవర్తులకు అప్పగింపఁబడెను. వారు విచారించి, సెప్టెంబరు 3వ తేదీని, ఆ పోరునకు ఉభయులలో నెవ్వరును దోషులు కారని తీర్పు చెప్పిరి. తీర్పు వచ్చునంతలో కావలసినన్ని సేనలను, విమానములను, విషవాయువులను ఇటలీ సూయజు కాలువగుండ దాఁటించుకొని సిద్ధముగా నుండెను. న్యాయస్థానములో వాయిదాలు పెరుగుట దొంగకే లాభమని మన పల్లెవారికి నొకరు చెప్పనక్కఱలేదు.

అక్టోబరు 3వ తేదీని యుద్ధమును జాటకయే ఇటలీసేన లోనికిఁ జొచ్చెను. నాలుగు దినములలో సమితి మండలి ఇటలీని దురాక్రమణకారిగా నిర్ణయించెను. తరువాత సభలో ఏఁబదిరాజ్యములు ఆ నిర్ణయమునకు సమ్మతించెను. సమితి చరిత్రములో అంత త్వరగా, అంత స్పష్టముగా, ఒక పెద్దరాజ్యమును దోషియని చెప్పుట అదియే మొదటిసారి. జినీవాలో కన్నులనీరు పెట్టుకొన్నవారును గలరు.

ఇచ్చట ఇంగ్లండులోని ప్రజాభిప్రాయమునుగూర్చి చెప్పక తీఱదు. ఆ సంవత్సరమున 'శాంతి యోటు' అను గొప్ప ప్రయత్నము జరిగెను. స్త్రీలును పురుషులును అయిన స్వచ్ఛందసేవకులు లక్షలమంది యింటింటికి దిరిగి ప్రశ్నపత్రములు పంచి, ఉత్తరములు కూర్చుకొని వచ్చిరి. కోటిపదునైదులక్షలమందికి పైగా జవాబిచ్చిరి. దురాక్రమణకారిని వర్తకబహిష్కారముచే నాపవలెనా యను ప్రశ్నకు కోటిమంది ఔననిరి. సైన్యబలముచేతనైనను ఆపవలెనా యనుదానికి అంతకంటె తక్కువమంది, అయినను అఱువదిలక్షలకు మించినవారు, ఔననిరి. జూను మాసాంతమున ఈ ఫలితము వెల్లడి కాఁగా మంత్రులు దానిని గణింపక యుండలేకపోయిరి.

అప్పుడు విదేశాంగమంత్రిగా నుండిన సర్ సామ్యూల్ హోర్ మన దేశమునకుఁ గ్రొత్తవాఁడు కాఁడు. 1931 మొదలు 1935 జూనువఱకు భారతదేశ వ్యవహారముల మంత్రి యతఁడే. ఆ యేఁటి ఆగస్టులో రాజాంగీకారము పొందిన భారతప్రభుత్వ శాసనమును పార్లమెంటులో మోసి నడిపించినవాఁడును అతఁడే. పాలింపఁబడువారిని సంపూర్ణముగా నమ్మక, ఇచ్చిన యధికారముపై గవర్నర్ల ప్రత్యేకాధికారములను గప్పిన ఆ శాసనము మనవారికి బాగుగాఁ దెలిసినదే. అట్టి హోర్ సెప్టెంబరు 11వ తేదీని జినీవాలో లేచి, సమితి నిబంధనలను సంపూర్ణముగా నిలుపుటకు ఇంగ్లండు దృఢముగా నిలుచునని ఉపన్యసింపఁగా, చిన్నరాజ్యముల ప్రతినిధులు పరవశులైరి. నవంబరు 14వ తేదీని జరిగిన సాధారణ ఎన్నికలలో బాల్డ్విను ప్రభుత్వము ఈ వాగ్దానము పేరనే ప్రజల ముందఱకుఁ బోయి గొప్ప ఆధిక్యముతో గెలిచెను.

నవంబరు 18వ తేదీని బహిష్కారము అమలులోనికి వచ్చెను. అది యెట్టి బహిష్కారమో చూడుఁడు. ఇటలీకి ఆయుధములు అమ్మరాదు, అప్పు లీయరాదు, ఇటలీసరకులను గొనరాదు, కంచరగాడిదలను, రబ్బరును, తగరమును, అల్యూమినియమును పంపరాదు. అల్యూమినియము ఇటలీలోనే కావలసినంత తయారగుచుండెను. కాని బొగ్గు పంపవచ్చును, ఉక్కు పంపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా నూనె పంపవచ్చును. కంచరగాడిద మోయు బరువు నిషిద్ధము. లారీని, ట్యాంకును, విమానమును నడుపు పెట్రోలు నిషిద్ధము కాదు. సూయజు కాలువను మూయలేదు. 1888 నాఁటి యొడంబడిక ప్రకారము ఆ కాలువ యుద్ధమునందును శాంతియందును ఎల్లరకును తెఱచియుండవలెనని సాకు చెప్పిరి. ఒక యొడంబడికను గాలికి వదలివేయుటకు మఱియొక యొడంబడికను అంత భక్తితోఁ బాటించుట వింతగా లేదా? ఊరంతయు వెలివేసితిమని దండోరా వేయించి, చీఁకటిపడఁగానే పెరటిదారిని నిప్పు నందించినట్లు ఈ బహిష్కారము జరిగెను. నూనెను గూడ ఆపివేసియున్నచో తాను వారములోపల అబిసీనియాను విడువవలసివచ్చెడిదని ముస్సోలినీ 1938లో హిట్లరుతో ననినట్లు, అప్పటి జర్మను దుబాసీ యగు ష్మిట్టు తన జ్ఞాపకములలో వ్రాసియున్నాఁడు.

నూనెను నిషేధింపవలెనా యని జినీవాలో ఆలోచన జరుగుచుండఁగానే, హోర్ స్విట్జర్లండునకు విశ్రాంతికై పోవుచు డిసెంబరు 7వ తేదీని పారిసులో దిగెను. ఫ్రెంచి ప్రధాని పియర్ లావల్ ఆతనికొఱకు కాచుకొనియుండెను. రెండు దినములలో వారిరువురును ఒక పథకము సిద్ధపఱచిరి. అబిసీనియా తన రాజ్యములో విశాలభాగములను ఇటలీకి విడిచిపెట్టవలెను. దక్షిణమున మఱియొక గొప్పభాగమును ఇటలీవారి వలసలకును వర్తకమునకును ఒప్పగింపవలెను. దీనికి బదులుగా దానికి సముద్రతీరము చేరుటకొక సన్ననిదారి దొరకును. ఆ దారిని లండనులోని టైమ్సు పత్రిక ఒంటెలదారియని యెగతాళి చేసెను. పారిసులో ఈ రేఖలు గీయునప్పుడు అబిసీనియా ప్రతినిధి ఆ గదిలో లేఁడు. తమ నడుగకయే తమ దేశమును గూర్చిన గీఁతలు గీయఁబడుట మనవారి కనుభవములోని విషయమే కనుక, ఆ బాధను వేఱుగా వర్ణింపము.

రహస్యము దాఁగలేదు. డిసెంబరు 9వ తేదీని పారిసు పత్రికలలో పథకము వెల్లడియయ్యెను. దానిని బయటఁబెట్టినవారిలో జెనవీవ్ తబూయీ యను స్త్రీ పత్రికారచయిత్రి యొకరు. అంతట ఇంగ్లండులో పెద్ద కలకలము పుట్టెను. నెలదినముల క్రిందట సమితి పేరుచెప్పి యోట్లు పుచ్చుకొన్నవారు దోపిడిగానికి సగముకంటె హెచ్చుసొత్తు కట్టఁబెట్టుచున్నారని ప్రజలు మండిపడిరి. పార్లమెంటు సభ్యులకు ఉత్తరములు వెల్లువగా వచ్చిపడెను. పథకమును మొదట అంగీకరించిన మంత్రివర్గమే వెనుకకుఁ దగ్గెను. డిసెంబరు 18వ తేదీని హోర్ రాజీనామా నిచ్చెను. ఆతని స్థానమున ఈడెన్ నియమింపఁబడెను.

అదే డిసెంబరు 18వ తేదీని రోములో మఱియొక కార్యము జరిగెను. బహిష్కారమునకుఁ బ్రతిక్రియగా ఇటలీస్త్రీలు తమ పెండ్లియుంగరములను దేశమునకు సమర్పింపవలెనని ప్రభుత్వము కోరెను. ఎలీనారాణి మొదట తన యుంగరమును అజ్ఞాతసైనికుని సమాధియొద్ద నర్పింపఁగా, వేలకొలఁది స్త్రీలు వరుసగా వచ్చి బంగారుటుంగరముల నిచ్చి ఉక్కుటుంగరములను ధరించి పోయిరి. మన గృహిణికి మంగళసూత్ర మెట్టిదో ఆ దేశపు గృహిణికి పెండ్లియుంగర మట్టిది. ఆ స్త్రీలలో ననేకులు తమ దేశమున కన్యాయము జరుగుచున్నదనియే నమ్మిరి. సగము చేసిన శిక్షకు ఇదియే ఫలము. యుద్ధము నది ఆపలేదు. యుద్ధమునందు అంతగా నాసక్తి లేనివారినిగూడ ముస్సోలినీ వెనుకకుఁ జేర్చెను. ఆ డిసెంబరులోనే ఇటలీవారు, విషవాయుప్రయోగమును నిషేధించు 1925 నాఁటి జినీవా యొడంబడికకుఁ దాము ఒప్పుకొనియుండియు, అబిసీనియనులపై విషవాయువును బ్రయోగింప మొదలుపెట్టిరి. సంవత్సరము ముగియుటకు ముందుదినమున స్వీడను రెడ్‌క్రాసువారి వైద్యశిబిరముపై బాంబులు పడెను.

ఆనాఁటి మంత్రుల పక్షమున చెప్పఁదగిన మాటలును గలవు. ఇటలీని త్రోసివేసినచో అది జర్మనీతోఁ గలియునని ఫ్రాన్సు భయపడెను; బ్రిటిషు నావికాధిపతులు తూర్పున జపానునుగూర్చి కలఁతపడుచుండిరి; అమెరికా సమితిలో లేదు గనుక నూనె నాపినను అచ్చటినుండి వచ్చునని శంకించిరి. ఈ భయములు వట్టివని మేము చెప్పము. కాని ఫలమును జూడుఁడు. ఇటలీ మైత్రిని నిలుపుకొనుటకై సమితిని బలిపెట్టిరి. ఇటలీ 1936 అక్టోబరునాఁటికి జర్మనీతోఁ జేయి కలిపెను. జర్మనీకి వెఱచి ధర్మమును విడిచిరి. ఆ కలఁత చూచియే హిట్లరు 1936 మార్చిలో రైనుప్రాంతమునకు సేనలను నడిపెను. ధర్మమును నమ్మి పోరాడినవాఁడు ఓడినను వానికి ధర్మమైనను మిగులును. బేరమాడి యోడినవానికి మిగులున దేమి?

తక్కిన కథ త్వరగా ముగియును. 1936 మే 5వ తేదీని ఇటలీసేనలు ఆడిస్ ఆబబాను జేరెను. జూను 30వ తేదీని హైలీ సెలాసీ స్వయముగా జినీవాకు వచ్చి సభలో నిలిచి న్యాయమడిగెను. ఇటలీ పత్రికలవారు ఈలలువేసి యల్లరిచేసిరి. ఆ జూలైలోనే బహిష్కారము ఎత్తివేయఁబడెను. అంతకుముందు మార్చిలో, భార్యావియోగ దుఃఖముతో స్వదేశమునకు మరలుచున్న జవహర్లాల్ నెహ్రూ రోముగుండ ప్రయాణము చేయవలసివచ్చెను. ముస్సోలినీ తన్నుఁ జూడవచ్చునని వర్తమానము పంపినను ఆయన పోలేదు. స్వరాజ్యములేని దేశపు నాయకుఁ డొక్కఁడు ఆనాఁడు చూపిన పట్టుదల, సామ్రాజ్యముల నేలువారికిఁ గొఱవడెను.

ఆ ఋణమును తీర్చవలసినవారిలో మనవారును గలరు. 1941లో ఎరిత్రియా కొండలలో కెరెన్ యొద్ద ఇటలీసేనలను ఓడించిన దళములలో భారతీయ సైనికులు వేలకొలఁది యుండిరి. అచ్చట ననేకులు ప్రాణము లర్పించిరి. తాను పట్టణమును గోల్పోయిన దినమునకు సరిగా ఐదేండ్లకు, 1941 మే 5వ తేదీని, చక్రవర్తి ఆడిస్ ఆబబాలోఁ బునఃప్రవేశము చేసెను. 1935లో కొన్ని నూనెయోడల నాపి ముగింపఁదగిన పనికి, ఆఱేండ్లతరువాత ఎక్కడి పంజాబువాఁడో, ఎక్కడి గఢ్వాలువాఁడో తన రక్తమును వెచ్చింపవలసివచ్చెను. 1963లో ఆఫ్రికారాజ్యములు తమ ఐక్యసంస్థకు ఆడిస్ ఆబబానే నిలయముగా నేర్పఱచుకొన్నవి.

1935నుండి మేము గ్రహించినదానిని ఒకమాటలోఁ జెప్పుదుము. ఆ యేట ఇంగ్లండులోని ప్రజలు ఒక మంత్రిని పడఁద్రోయఁగలిగిరి. ఒక దుష్టపథకమును ఆపఁగలిగిరి. కాని పథకము రద్దయిన మఱునాఁడు వారు తృప్తితో ఇండ్లకుఁ బోయిరి. నూనె నాపుఁడని ఆ యుత్సాహముతోడనే అడుగలేదు. అడిగినచో పెట్రోలు ధర పెరుగును, వ్యాపారము తగ్గును, యుద్ధమే రావచ్చును. న్యాయము కావలెనని పలుకుట సులభము. న్యాయమునకయ్యెడి వ్యయమును భరింతుమని పలుకుట కష్టము.

మన సంఘమునందును ఇది నిత్యము చూచుచున్న సంగతియే. సభలో వితంతూద్వాహ తీర్మానమునకు చేయెత్తినవాఁడు ఇంట నున్న బాలవితంతువు వంక కన్నెత్తి చూడఁడు. 1929లో శారదాశాసనము వచ్చినప్పుడు మెచ్చుకొనుచు పత్రికలకు వ్రాసినవారిలోనే, అది అమలులోనికి వచ్చులోపల త్వరపడి పసిబిడ్డలకు మూఁడుముళ్లు వేయించినవా రుండిరి. నిబంధన వ్రాయుట సంస్కారములో మొదటిమెట్టు మాత్రమే. దానివలన తనకు నష్టము కలుగునాఁడును దానిని నిలువఁబెట్టుట రెండవమెట్టు. నానాజాతి సమితి మొదటిమెట్టుపై నిలిచి, రెండవదానిని చూచి వెనుకకుఁ దిరిగెను.

ఈ సంగతులు గడచి తొంబదియేండ్లు కావచ్చినవి. ఆ సమితి పోయి వేఱొక సంస్థ వచ్చినది. సంధిపత్రములు నేఁడును వ్రాయఁబడుచున్నవి. బహిష్కారములు నేఁడును జాటఁబడుచున్నవి. వార్తాపత్రికలో అట్టి వార్తను జదువునపుడు మా చదువరులు ఒక ప్రశ్న వేసికొందురు గాక. ఈ జాబితాలో కంచరగాడిదలు మాత్రమే యున్నవా, నూనెయు నున్నదా?